రాట్‌క్లిఫ్ చేతికి యునైటెడ్ పగ్గాలు: సంతోషించాలా, భయపడాలా?

కృష్ణలంక రెడ్ | 25 డిసెంబరు 2023, రాత్రి 9:40

అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు. నిన్న రాత్రి నుంచి ఫోన్ పక్కన పెట్టలేదు. బ్రిటన్ వ్యాపారి జిమ్ రాట్‌క్లిఫ్ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌లో 25 శాతం వాటా కొంటున్నట్టు క్లబ్ అధికారికంగా ప్రకటించింది. షేరుకు 33 డాలర్లు ఇస్తున్నాడు. స్టేడియం, మిగతా సదుపాయాల కోసం విడిగా మరో 30 కోట్ల డాలర్లు పెడతానన్నాడు. వీటన్నిటికంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. వాటా పావు వంతే అయినా ఫుట్‌బాల్ వ్యవహారాలన్నీ ఆయన కెమికల్ కంపెనీ ఇనియోస్ చేతికి వెళ్తాయి. కోచ్ ఎవరు, ఎవరిని కొనాలి, ఎవరిని పంపేయాలి, అన్నీ వాళ్లే తేలుస్తారు.

1999లో బార్సిలోనాలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్‌ల పెద్ద కప్పు) ఫైనల్ నుంచి నేను ఈ జట్టు మనిషిని. అప్పుడు నాకు పన్నెండేళ్లు. పక్కింటి వాళ్ల టీవీలో అర్ధరాత్రి దాటాక చూశాం. తొంభై నిమిషాలు అయిపోయాక రెండు గోల్స్ పడ్డాయి. మా వీధంతా లేచేలా అరిచామని మర్నాడు అందరి చేతా తిట్లు తిన్నాం. 2013లో కోచ్ ఫెర్గూసన్ వెళ్లిపోయాక మళ్లీ లీగ్ టైటిల్ చూడలేదు.

క్లబ్ యజమానులు గ్లేజర్ల మీద నమ్మకం ఎప్పుడో పోయింది. రాట్‌క్లిఫ్ ఏమో మాంచెస్టర్ పక్కనే ఫెయిల్స్‌వర్త్‌లో పుట్టినవాడు, చిన్నప్పటి నుంచి యునైటెడ్ అభిమాని. సంతోషంగానే ఉంది. కానీ లోపల ఏదో గుబులు. మీకూ అలాగే ఉందా?

సింగ్‌నగర్ 10 | 25 డిసెంబరు 2023, రాత్రి 9:52

గుబులు ఎందుకన్నా! మన జట్టు అభిమానే యజమాని అయ్యాడు. ఇంతకంటే ఏం కావాలి?

లెక్కల పుస్తకం | 25 డిసెంబరు 2023, రాత్రి 11:15

తమ్ముడూ, సంతోషపడు, తప్పులేదు. కానీ కాగితాల మీద ఏముందో కూడా చూడాలి. నేను సూర్యారావుపేటలో ఆడిటింగ్ చేసుకునేవాణ్ణి, నా కన్ను ముందు అటే పోతుంది.

2005లో గ్లేజర్ కుటుంబం ఈ క్లబ్‌ను దాదాపు 79 కోట్ల పౌండ్లకు కొన్నది. అందులో 50 కోట్ల పౌండ్లకు పైగా అప్పే. ఆ అప్పులో పెద్ద భాగం వాళ్ల పేరున లేదు, క్లబ్ పేరున పడింది. ఇల్లు కొన్నవాడు ఆ ఇంటి అప్పు అద్దెకున్నవాళ్ల నెత్తిన పెట్టినట్టు. అంతకుముందు అప్పు లేని క్లబ్ అది. అప్పటి నుంచి టికెట్ డబ్బు, జెర్సీల డబ్బు, టీవీ డబ్బులో కొంత ఏటా వడ్డీకి పోతూనే ఉంది. ఆ కోపంతోనే 2005లో కొందరు అభిమానులు బయటికి వెళ్లి ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని సొంతంగా క్లబ్ పెట్టుకున్నారు.

ఇప్పుడు ఈ ఒప్పందం. 2012లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌చేంజీకి వెళ్లినప్పుడు షేర్లను రెండు రకాలు చేశారు. జనం కొనే షేరుకు ఒక ఓటు, కుటుంబం దగ్గరున్న షేరుకు పది ఓట్లు. రాట్‌క్లిఫ్ రెండు రకాలూ కొంటున్నాడు. అయినా ఓట్లలో ఎక్కువ భాగం గ్లేజర్ల దగ్గరే ఉంటుంది. అంటే పావు వాటా ఉన్నవాడు ఆట నడుపుతాడు, ఓట్లలో పైచేయి ఉన్నవాళ్లు వెనక కూర్చుంటారు. రేపు ఏదైనా చెడితే ఎవరిని అడగాలి? ఒకరు నిర్ణయాలు నావి కాదంటారు, ఇంకొకరు క్లబ్ నాది కాదంటారు. నా సందేహమల్లా అదే.

సింగ్‌నగర్ 10 | 27 డిసెంబరు 2023, ఉదయం 6:05

తెల్లవార్లూ నిద్రలేదు. ఆస్టన్ విల్లా జట్టు మీద 0-2 నుంచి 3-2! మన హోయ్‌లండ్‌కు లీగ్‌లో మొదటి గోల్! కొత్త యజమాని పాదం మంచిది. ఇక నా మాట వినండి.

బ్రాడీపేట బ్లూ | 27 డిసెంబరు 2023, ఉదయం 10:30

ఒక చెల్సీ అభిమానిగా నా అనుభవం చెప్తాను. యజమాని నేరుగా ఆటలో వేలు పెడితే ఎలా ఉంటుందో మాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

2022 మేలో అమెరికా వ్యాపారి టాడ్ బోలీ, క్లియర్‌లేక్ అనే పెట్టుబడి సంస్థ కలిసి చెల్సీని కొన్నారు. ఆ వేసవిలో బోలీ ఛైర్మన్‌గా ఉంటూనే తాత్కాలిక స్పోర్టింగ్ డైరెక్టర్ పని కూడా తానే చేశాడు. అంటే ఆటగాళ్ల బేరాలు స్వయంగా యజమానే. సెప్టెంబరు 7న, మాకు ఛాంపియన్స్ లీగ్ గెలిపించిన కోచ్ టుకెల్‌ను తీసేశారు. తర్వాత పాటర్‌ను తెచ్చి ఏప్రిల్ మొదట్లో ఆయన్నీ పంపేశారు. జనవరిలో ఎంజో ఫెర్నాండెజ్ ఒక్కడికే 10 కోట్ల పౌండ్లకు పైగా పెట్టారు. ముద్రిక్‌కు ఎనిమిదిన్నరేళ్ల కాంట్రాక్టు. ఖర్చును ఎక్కువ ఏళ్ల మీద పంచి చూపించే ఆ పద్ధతికి యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ తర్వాత ఐదేళ్ల హద్దు పెట్టింది. ఇంత చేసి ఆ సీజన్‌లో పన్నెండో స్థానం.

బోలీకి డబ్బు లేదా? ఉంది. ఉత్సాహం లేదా? కావలసినంత ఉంది. ఈ ఆట ఆయనకు కొత్త, నేర్చుకుంటున్నాడు. ఆ నేర్చుకోవడానికి ఫీజు మేం కట్టాం. మీవాడు ఆ తప్పు చేయకుండా ఉంటే చాలు. ఒకటి గుర్తుంచుకోండి. 2022లో మా క్లబ్ అమ్మకానికి వచ్చినప్పుడు చివరి నిమిషంలో దాన్నీ కొనబోయినవాడే ఈ రాట్‌క్లిఫ్. చిన్నప్పటి నుంచి యునైటెడ్ అభిమాని అన్న మాట వినేటప్పుడు ఇది కూడా మనసులో పెట్టుకోవాలి.

అరండల్‌పేట గన్నర్ | 27 డిసెంబరు 2023, సాయంత్రం 5:20

బ్లూ గారూ, మీ బాధ నిజమే. కానీ యజమాని దగ్గరగా రావడమే తప్పంటే నేను ఒప్పుకోను. ఆర్సెనల్‌లో మా గోడు దానికి సరిగ్గా రివర్స్. యజమాని క్రోంకీ ఎన్నో ఏళ్లు దూరంగానే ఉన్నాడు. 2018లో మొత్తం వాటా తీసుకున్నప్పుడు, ఒక్కటో రెండో షేర్లు దాచుకున్న పాత అభిమానుల దగ్గర నుంచి కూడా చట్ట ప్రకారం షేర్లు తీసేసుకున్నారు. మూడు తరాలుగా ఇంట్లో ఫ్రేము కట్టించి పెట్టుకున్న కాగితాలవి. 2019లో మా అభిమానులు "మాకు పట్టింపు ఉంది, మీకుందా?" అని బహిరంగంగా అడిగారు. ఆ తర్వాతే కొడుకు జోష్ ముందుకు వచ్చి జనంతో మాట్లాడటం మొదలుపెట్టాడు. కోచ్‌గా ఆర్తెటా వచ్చాక వరసగా రెండు సీజన్లు ఎనిమిదో స్థానమే. అయినా తీసేయలేదు. పోయిన సీజన్‌లో రెండో స్థానానికి వచ్చాం.

దగ్గరగా వచ్చి ఓపికగా ఉన్నవాళ్లను చూశాం, దగ్గరగా వచ్చి కంగారుపడ్డవాళ్లనూ చూశాం. ఈయన ఏ రకమో ఏడాదిలో తెలుస్తుంది.

పటమట మాస్టారు | 28 డిసెంబరు 2023, రాత్రి 8:10

నేను ముప్పై ఏళ్లు పీఈటీగా చేసి రిటైరైన మనిషిని. ఇప్పటికీ పొద్దున పూట కొందరు పిల్లలకు ఆట నేర్పుతున్నాను. ఈ చర్చలో మన వాళ్లు మర్చిపోయిన క్లబ్ ఒకటి ఉంది. బ్లాక్‌బర్న్ రోవర్స్.

ఆ ఊళ్లో పుట్టి ఉక్కు వ్యాపారంలో సంపాదించిన జాక్ వాకర్ 1991లో ఆ క్లబ్‌ను చేతిలోకి తీసుకున్నాడు. 1995లో అది ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పైనున్న ప్రీమియర్ లీగ్ గెలిచింది. చిన్న ఊరు, పెద్ద కప్పు. వాకర్ 2000లో పోయాడు. 2010 నవంబరులో ఆ క్లబ్‌ను కొన్నది మన దేశం వాళ్లే. పుణె వెంకటేశ్వర హేచరీస్ కుటుంబం, 2.3 కోట్ల పౌండ్లకు. కోళ్ల ఫారాలున్న మన కృష్ణా, గుంటూరు రైతులకు ఆ పేరు చెప్పనక్కర్లేదు. రోజూ పేపర్లో గుడ్డు ధర వేస్తారే, ఆ ఎన్‌ఈసీసీని 1982లో మొదలుపెట్టింది కూడా ఆ సంస్థ వ్యవస్థాపకుడు బి.వి. రావు గారే. కోళ్ల పరిశ్రమలో ఆయన చేసింది గొప్ప పని, అందులో నాకు రెండో మాట లేదు.

కానీ ఫుట్‌బాల్ వేరు. కొన్న నెల తిరక్కుండానే, జట్టు పదమూడో స్థానంలో కుదురుగా ఉండగా కోచ్ అల్లర్‌డైస్‌ను తీసేశారు. 2012 మేలో జట్టు కింది లీగ్‌కు పడిపోయింది. ఆ మ్యాచ్ మధ్యలో అభిమానులు క్లబ్ జెండా చుట్టిన కోడిని మైదానంలోకి వదిలారు. 2017లో మూడో లీగ్‌కు కూడా పడిపోయి, ఏడాదికి మళ్లీ పైకి వచ్చారు. ఆ కుటుంబం డబ్బు పెట్టలేదని ఎవరూ అనలేరు. ఏళ్ల తరబడి పెడుతూనే ఉన్నారు. లోపమల్లా తెలిసినవాణ్ణి పెట్టుకుని, అతని మాట వినకపోవడంలో ఉంది.

అందుకని రాట్‌క్లిఫ్ అభిమానా కాదా, డబ్బుందా లేదా అని నేను అడగను. ఎవరి మాట వింటాడన్నదే చూస్తాను.

కృష్ణలంక రెడ్ | 28 డిసెంబరు 2023, రాత్రి 8:45

మాస్టారూ, ఇది మీరు చెప్పేదాకా నాకు తెలియదు. ధన్యవాదాలు.

గచ్చిబౌలి రైలు | 21 ఫిబ్రవరి 2024, రాత్రి 10:30

పాత చర్చను పైకి తెస్తున్నాను. నిన్నటితో రాట్‌క్లిఫ్ ఒప్పందం పూర్తయింది, 27.7 శాతం వాటా. మీకు పండగ. నేను మాత్రం వేరే సంగతి చెప్పుకోవాలి.

నాది గుంటూరు. మన తెలుగు నేల మీద ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఆడిన క్లబ్ ఒక్కటే, హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019లో మొదలైంది. మొదటి సీజన్‌లో ఆఖరి స్థానం. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీద. 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. పెనాల్టీల్లో మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. ఆ రాత్రి మా మేడ మీద నేను ఒక్కణ్ణే గంతులేశాను, వీధిలో ఎవరికీ ఎందుకో అర్థం కాలేదు. మరుసటి సీజన్‌లో గచ్చిబౌలిలో మ్యాచ్‌లు పెట్టారు. పొద్దున్నే గుంటూరులో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నం సికింద్రాబాద్. రాత్రి ఏడున్నరకు మ్యాచ్. అయ్యాక దొరికిన రైలెక్కి తెల్లారేసరికి ఇంటికి. నాలుగుసార్లు అలా వెళ్లాను. టికెట్ ఖర్చు, అలసట ఒక్కటీ గుర్తులేదు. మన భాషలో జట్టు పేరు పిలుస్తూ పదిమందితో కలిసి నిలబడ్డది ఒక్కటే గుర్తుంది.

ఈ సీజన్ చూడండి. జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోయారు. విదేశీయులు దాదాపు అందరూ పోయారు. ఫిఫా నిషేధంతో కొత్తవాళ్లను చేర్చుకోవడానికీ లేదు. కుర్రాళ్లతో ఆడుతున్నారు, ఓడుతున్నారు, అయినా పరుగెత్తుతూనే ఉన్నారు. రెండేళ్ల కింద ఛాంపియన్లు. కప్పు గెలిచిన రోజు కూడా లోపల పునాది ఎలా ఉందో మాకెవరికీ తెలియదు. మీ యజమాని దగ్గర డబ్బుంది, మంచిదే. కానీ ఒక్క మాట. క్లబ్ లెక్కలు బయటికి కనిపించే దేశంలో ఉన్నారు మీరు, అది చిన్న వరం కాదు.

సింగ్‌నగర్ 10 | 21 ఫిబ్రవరి 2024, రాత్రి 10:50

భయ్యా, మనసు బరువెక్కింది. ఈసారి గచ్చిబౌలి వెళ్తే చెప్పు, నేనూ వస్తాను.

సింగ్‌నగర్ 10 | 25 మే 2024, రాత్రి 9:40

ఇంగ్లండ్ ఎఫ్‌ఏ కప్ మనదే!!! మాంచెస్టర్ సిటీ మీద 2-1! గర్నాచో, మైనూ, ఇద్దరూ మన అకాడమీ కుర్రాళ్లే!

లెక్కల పుస్తకం | 6 జులై 2024, రాత్రి 10:00

కప్పు గెలిచాం, సంతోషం. కానీ లీగ్‌లో ఎనిమిదో స్థానం. మే చివర నుంచి రెండు వారాలకు పైగా "సమీక్ష" అన్నారు. వేరే కోచ్‌లతో మాట్లాడుతున్నారని వార్తలు వస్తూనే ఉన్నాయి. చివరికి కోచ్ టెన్ హాగ్‌నే ఉంచి 2026 దాకా కాంట్రాక్టు పెంచారు. అటు నమ్మకమూ లేదు, ఇటు తెగింపూ లేదు. కోచ్‌ను అందరి ముందూ అన్ని రోజులు గుమ్మంలో నిలబెట్టి తర్వాత లోపలికి రమ్మంటే, ఆటగాళ్ల దగ్గర ఆ మనిషికి ఏం గౌరవం మిగులుతుంది?

ఇంకో సంగతి, క్లబ్‌లో 250 మంది ఉద్యోగాలు తీసేస్తున్నారట.

కృష్ణలంక రెడ్ | 6 జులై 2024, రాత్రి 10:20

ఉద్యోగాల సంగతి చదివి బాధేసింది. అయినా ఈ ఒక్క సీజన్ చూద్దాం. మాంచెస్టర్ సిటీ నుంచి బెరాడా సీఈఓగా వస్తున్నాడు. స్పోర్టింగ్ డైరెక్టర్‌గా ఆష్‌వర్త్ వచ్చాడు, ఆయన కోసం న్యూకాజిల్‌తో నెలల తరబడి బేరం చేశారు. తెలిసినవాళ్లే కదా ఇద్దరూ. మాస్టారు అడిగినట్టు, తెలిసినవాళ్ల మాట వినే యజమానే అనిపిస్తోంది.

సింగ్‌నగర్ 10 | 19 సెప్టెంబరు 2024, రాత్రి 8:30

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ కనబడలేదని అడిగినవాళ్లకు థాంక్స్. సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి. కింద వాటా మొత్తం మునిగింది. మేడ మీద ఉన్నాం. కరెంటు లేదు, ఫోన్ లేదు. పడవలో పాలు, నీళ్లు తెచ్చిచ్చినవాళ్లను జన్మలో మర్చిపోను. ఆ రాత్రే లివర్‌పూల్ చేతిలో మన గడ్డ మీద 0-3తో ఓడామని నాలుగు రోజుల తర్వాత తెలిసింది. నా జెర్సీలన్నీ బురదలో పోయాయి. పుస్తకాలు ఎండబెట్టుకుంటున్నాం. అమ్మానాన్న క్షేమం.

అరండల్‌పేట గన్నర్ | 19 సెప్టెంబరు 2024, రాత్రి 8:41

నువ్వు క్షేమంగా ఉన్నావు, అది చాలు తమ్ముడూ. పుస్తకాలేం కావాలో రాయి. గుంటూరు నుంచి పంపిస్తాం.

పటమట మాస్టారు | 19 సెప్టెంబరు 2024, రాత్రి 9:00

రేపు పొద్దున్న నేను, ఇద్దరు పిల్లలు వస్తాం బాబూ. ఇల్లు కడగడానికి మనుషులు కావాలిగా.

బ్రాడీపేట బ్లూ | 29 అక్టోబరు 2024, ఉదయం 7:15

టెన్ హాగ్‌ను తీసేశారు. పద్నాలుగో స్థానంలో ఉన్నారు. కాంట్రాక్టు పెంచి నాలుగు నెలలు కాలేదు. వేసవిలో ఆయన ఆటకు తగ్గట్టు ఐదుగురిని కొన్నారు, ఇప్పుడు ఇంకో కోచ్ వచ్చి ఇంకో పద్ధతి ఆడిస్తాడు. ఇది నేను చూసిన సినిమానే, మిత్రులారా. దీన్ని చూసి సంతోషించేవాణ్ణి కాను.

కృష్ణలంక రెడ్ | 1 డిసెంబరు 2024, రాత్రి 11:50

ఈ రోజు ఎవర్టన్‌ను 4-0తో కొట్టాం. అయినా నేను సంబరంగా లేను. మ్యాచ్ ముందు మన స్టేడియం ఓల్డ్ ట్రాఫోర్డ్ బయట అభిమానులు టికెట్ ధర మీద నిరసన చేశారు. సీజన్ మధ్యలో మిగిలిన టికెట్లకు కనీస ధర 66 పౌండ్లు చేశారు. పిల్లలకు, పెద్దవాళ్లకు రాయితీ లేదు. మొన్నటి దాకా పిల్లల టికెట్ 25 పౌండ్లకు దొరికేది. మన డబ్బుల్లో 66 పౌండ్లంటే సుమారు 7 వేల రూపాయలు.

అక్టోబరులో ఇంకోటి విన్నాం. రాయబారి హోదాలో ఫెర్గూసన్‌కు ఏటా ఇచ్చే 20 లక్షల పౌండ్లకు పైగా మొత్తం సీజన్ చివర్లో ఆపేస్తారట. ఆయనకు ఆ డబ్బు అవసరం లేకపోవచ్చు. కానీ ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు అనిపించింది నాకు.

సింగ్‌నగర్ 10 | 2 డిసెంబరు 2024, ఉదయం 8:05

అన్నా, నిజంగా తెలియకే అడుగుతున్నాను. మనం ఎప్పుడైనా ఓల్డ్ ట్రాఫోర్డ్‌కు వెళ్తామా? ఆ టికెట్ మనం కొనేదా? జట్టు బాగుపడితే టికెట్ పెరిగినా మనకేంటి?

పటమట మాస్టారు | 2 డిసెంబరు 2024, సాయంత్రం 6:30

మంచి ప్రశ్న బాబూ. రాత్రి ఒంటిగంటన్నరకు లేచి టీవీ ముందు కూర్చున్నప్పుడు నీకు మొదట వినపడేదేమిటి? ఆ గోల, ఆ పాట. అది పాడేది 66 పౌండ్లు పెట్టి లోపలికి వెళ్లినవాడే. వాడి తాత అక్కడ నిలబడ్డాడు, నాన్న అక్కడ నిలబడ్డాడు, ఇప్పుడు వాడి కొడుకును తీసుకెళ్లలేకపోతున్నాడు. ఆ కుర్రాడు రాకపోతే ఆ సీట్లో ఒకసారి ఫొటో దిగి వెళ్లేవాడు కూర్చుంటాడు. పాట ఆగిపోతుంది. పాట ఆగిన జట్టును నువ్వు ఇక్కడి నుంచి అంత ప్రేమించగలవా?

మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. కోచ్ రహీం సాబ్ తయారుచేసిన జట్టు. ఇప్పుడు ఆ జట్టు గురించి పిల్లలకు చెప్తే కథ విన్నట్టు వింటారు. చూసినవాళ్లు వెళ్లిపోతే ఆట గుర్తు కూడా వెళ్లిపోతుంది.

గచ్చిబౌలి రైలు | 2 డిసెంబరు 2024, రాత్రి 9:10

మాస్టారు చెప్పినదానికి ఇంకేమీ కలపను. మా క్లబ్‌ను బీసీ జిందాల్ గ్రూప్ తీసుకుంది, ఈ సీజన్ మళ్లీ ఆడుతోంది. ఊపిరి ఆడింది కొంచెం.

లెక్కల పుస్తకం | 9 డిసెంబరు 2024, ఉదయం 9:00

ఆష్‌వర్త్ వెళ్లిపోయాడు. జులై 1న చేరాడు, అయిదు నెలలు. మాస్టారూ, ఎవరి మాట వింటాడు అని మీరు ఏడాది కింద అడిగారు. జవాబు ఇదేనేమో.

లెక్కల పుస్తకం | 25 ఫిబ్రవరి 2025, రాత్రి 10:15

మరో 150 నుంచి 200 మంది ఉద్యోగాలు పోతాయట. సిబ్బంది క్యాంటీన్‌లో ఉచిత భోజనం ఆపి పండ్లు ఇస్తారట. క్లబ్ లెక్కల్లో ఇంకోటి ఉంది చూడండి. టెన్ హాగ్‌ను, ఆయన మనుషులను పంపడానికి 1.04 కోట్ల పౌండ్లు, ఆష్‌వర్త్‌ను పంపడానికి 41 లక్షలు. మొత్తం 1.45 కోట్ల పౌండ్లు. రెండూ పైవాళ్లు తీసుకున్న నిర్ణయాలు. ఆ తప్పుల ఖరీదు ఎన్ని ఏళ్ల భోజనాలకు సరిపోతుందో మీరే లెక్కేసుకోండి.

అయితే న్యాయంగా ఇదీ చెప్పాలి. క్లబ్ వరసగా నష్టాల్లో ఉంది. పాత ఆటగాళ్ల కొనుగోళ్ల వాయిదాలు, గ్లేజర్ల కాలం నాటి అప్పు, అన్నీ ఈయన రాకముందు నుంచే ఉన్నాయి. ఎవరొచ్చినా ఖర్చు తగ్గించక తప్పేది కాదు. ఎక్కడ తగ్గించాలి అన్న దగ్గరే నా గొడవ.

సింగ్‌నగర్ 10 | 25 ఫిబ్రవరి 2025, రాత్రి 11:30

క్యాంటీన్ మాట చదివాక నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నాను. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా నాన్న పనిచేసే మిల్లు చేతులు మారింది. పేరు చెప్పను. కొత్తాయన రోజూ పొద్దున ఆరింటికే వచ్చి అన్నీ తానే చూసుకునేవాడు. అందరూ "అబ్బ, ఎంత శ్రద్ధ" అన్నారు. నాన్న కూడా ఇంట్లో మెచ్చుకున్నాడు. మొదటి నెల టీ ఆపేశారు. రెండో నెల రాత్రి షిఫ్టు వాళ్లకు పెట్టే టిఫిన్ ఆపేశారు. నాన్న ఏమన్నాడో నాకు ఇప్పటికీ గుర్తుంది. "టీ పోతే ఇంటి దగ్గర తాగుతాం రా. మనం లెక్కలో లేమని తెలిసింది, అదే కష్టంగా ఉంది." ఆరు నెలలకు నాన్నతో పాటు ఇరవై మందిని తీసేశారు. ఆ తర్వాత నాన్న ఆటో నడిపాడు.

మిల్లు బతికింది. ఇప్పటికీ నడుస్తోంది. కాబట్టి ఆయన చేసింది తప్పా ఒప్పా నాకు తెలియదు. కానీ 2023లో ఇక్కడ నేను రాసిన మొదటి మాట చదువుకుంటే, నాన్న మొదటి నెల ఇంట్లో చెప్పిన మాటలాగే ఉంది.

కృష్ణలంక రెడ్ | 25 ఫిబ్రవరి 2025, రాత్రి 11:48

తమ్ముడూ, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

బ్రాడీపేట బ్లూ | 12 మార్చి 2025, సాయంత్రం 7:00

యునైటెడ్‌కు లక్ష సీట్లతో కొత్త స్టేడియం, 200 కోట్ల పౌండ్లు, నార్మన్ ఫోస్టర్ సంస్థ డిజైన్. బొమ్మలు అద్భుతంగా ఉన్నాయి. ఖర్చు తగ్గించకపోతే ఏడాది చివరికి క్లబ్ చేతిలో డబ్బు ఉండేది కాదని రాట్‌క్లిఫ్ మొన్న ఇంటర్వ్యూలో చెప్పాడు. రెండూ ఒకే వారంలో వినడం కష్టంగా ఉంది. ఆ 200 కోట్లు ఎక్కడి నుంచి వస్తాయి? మళ్లీ అప్పేనా?

కృష్ణలంక రెడ్ | 22 మే 2025, తెల్లవారుజాము 3:10

బిల్బావోలో టోటెన్‌హామ్ చేతిలో 0-1. యూరోపా లీగ్ పోయింది. వచ్చే ఏడాది యూరప్‌లో ఎక్కడా లేము. ఎండాకాలం రాత్రి, పైన ఫ్యాన్ తిరుగుతోంది, ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు. నేను ఒక్కణ్ణే కూర్చున్నాను. నా కొడుకు ఫైనల్ చూస్తానని పదకొండింటి దాకా మేలుకుని నిద్రపోయాడు. పొద్దున్నే స్కోరు అడుగుతాడు.

అరండల్‌పేట గన్నర్ | 22 మే 2025, ఉదయం 6:30

ఉన్నదున్నట్టు చెప్పండి అన్నా. ఎనిమిదో స్థానం రెండుసార్లు చూశాకే మేం మళ్లీ పైకి వచ్చాం.

లెక్కల పుస్తకం | 26 మే 2025, రాత్రి 9:30

పదిహేనో స్థానం, 42 పాయింట్లు, 18 ఓటములు. ప్రీమియర్ లీగ్ మొదలయ్యాక యునైటెడ్‌కు ఇంత చెడ్డ సీజన్ ఇంకోటి లేదు.

గచ్చిబౌలి రైలు | 26 అక్టోబరు 2025, ఉదయం 11:20

మళ్లీ నేనే పైకి తెస్తున్నాను. నిన్న బ్రైటన్‌ను 4-2తో గెలిచారు, పోయిన వారం లివర్‌పూల్‌ను వాళ్ల సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో 2-1. అక్కడ గెలవడం 2016 జనవరి తర్వాత ఇదే మొదటిసారి. వరసగా మూడు. టెన్ హాగ్ తర్వాత వచ్చిన కోచ్ అమోరిమ్‌కు మూడేళ్లు ఇవ్వాలని రాట్‌క్లిఫ్ ఈ నెలలోనే అన్నాడు. రెడ్ అన్న, సింగ్‌నగర్ తమ్ముడు నవ్వుతూ ఉంటారని తెలుసు. నాకూ సంతోషమే.

మా సంగతి. హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీ వెళ్లిపోయింది. ఇక పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. కొత్త యజమాని వచ్చి ఊపిరి ఆడిందని పోయిన డిసెంబరులో ఇక్కడే రాశాను. క్లబ్ నిజంగానే బతికింది. మన దగ్గర బతకలేదు. ఐఎస్‌ఎల్ కూడా ఇంకా మొదలు కాలేదు. తప్పు ఎవరిదని ఎవరినీ అడగడం లేదు. గచ్చిబౌలిలో ఖాళీ సీట్లు కూడా నేను చూశాను. పసుపు జెర్సీ బీరువాలో ఉంది. అమ్మ మొన్న దసరా సర్దుళ్లలో తీసి "ఇది ఇంకా ఉంచాలా?" అని అడిగింది. ఉంచమన్నాను.

లెక్కల పుస్తకం | 26 అక్టోబరు 2025, మధ్యాహ్నం 12:05

ఊరు మార్చకూడదు, రంగు మార్చకూడదు, పేరు మార్చకూడదు అని అభిమానులకు ఒక ఓటైనా ఉండాలి. జర్మనీలో చాలా క్లబ్‌లలో సగానికి పైగా ఓట్లు సభ్యుల దగ్గరే ఉంటాయి. ఇంగ్లండ్‌లో 2025 జులైలో చట్టం చేసి ఫుట్‌బాల్‌కు స్వతంత్ర నియంత్రణ సంస్థను పెట్టారు. మన దగ్గర అలాంటిది రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

పటమట మాస్టారు | 26 అక్టోబరు 2025, సాయంత్రం 5:45

రైలు బాబూ, ఆ జెర్సీ వేసుకుని ఒకరోజు మా పిల్లల దగ్గరికి రా. కట్టిమణి మూడు పెనాల్టీలు ఎలా ఆపాడో నువ్వే చూపించు. మా గోల్‌కీపర్ కుర్రాడికి అది కావాలి. రేపటి నుంచి తుఫాను వానలంటున్నారు, తెరిపిచ్చాక రా.

కృష్ణలంక రెడ్ | 26 అక్టోబరు 2025, రాత్రి 9:15

మూడు గెలిచాం కదా అని నా సందేహాలు తీరలేదు. పదిహేనో స్థానం ఇంకా కళ్ల ముందే ఉంది. మూడేళ్లన్న మాట మీద ఆయన నిలబడతాడో లేదో, వరసగా మూడు ఓడినప్పుడు చూస్తాను. అప్పటిదాకా ఈ చర్చ తెరిచే ఉంచుతాను.

వచ్చే శనివారం నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో మ్యాచ్. ఇంగ్లండ్‌లో ఇవాళే గడియారాలు గంట వెనక్కి మార్చారు, కాబట్టి మనకు రాత్రి 8:30కు. మర్చిపోకండి. మా ఇంట్లో పెద్ద టీవీ పెడుతున్నాను, సింగ్‌నగర్ తమ్ముడు నాన్నగారిని కూడా తీసుకొస్తానన్నాడు. రైలు తమ్ముడూ, గుంటూరు నుంచి గంట దూరమే. నువ్వూ రా. ఆ పసుపు జెర్సీ వేసుకునే రా.